బుజ్జీ, నవంబరులో కాంక్రీటు పోయించొద్దు

చి.ల.సౌ. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. అల్లుడుగారు, పాప కులాసా అని తలుస్తాను. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇంటి వెనక పదహారు అడుగుల పేటియో (ఆరుబయట కూర్చోవడానికి పోసే కాంక్రీటు పలక), గరాజ్ పక్కన డ్రైవ్‌వే వెడల్పు, రెండూ నవంబరు ఆఖర్లో అయితే రేటు తగ్గిస్తానని కాంట్రాక్టరు అన్నాడన్నావు. వద్దమ్మా. ఆగితే కాస్త డబ్బు ఎక్కువవుతుంది. తొందరపడితే మూడేళ్ళలో పగలగొట్టించి మళ్ళీ పోయించాల్సొస్తుంది. ఈ కొలరాడోలో, డెన్వర్ చుట్టుపక్కల ఇరవై ఆరేళ్ళు మట్టి, కాంక్రీటు పరీక్షల పనిలోనే గడిపాను. అట్లా పగలగొట్టిన వాకిళ్ళు చాలా చూశాను.

ముందు మీ ఇంటి కింద ఏముందో తెలుసుకో. మన ఊరి పత్తి చేలు గుర్తున్నాయి కదా. ఏప్రిల్ వచ్చేసరికి నల్లరేగడి నెర్రెలిచ్చి, ఒక్కో నెర్రెలో చెయ్యి మోచేతి దాకా దిగేది. తొలకరి పడగానే అదే నేల ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుపోయేవి. మీ క్యాజిల్ రాక్‌లో, మా లిటిల్‌టన్‌లో మట్టి రంగు వేరు గానీ గుణం అదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మా వైపు అడుగున ఉన్నది పియర్ షేల్ (Pierre Shale) అనే మెత్తటి రాతి పొర. ఏడు కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడున్న సముద్రం అడుగు బురద అది. అందులో పడ్డ అగ్నిపర్వతాల బూడిదే బెంటొనైట్ అనే, తడిస్తే బాగా ఉబ్బే బంకమట్టి అయింది. కొండలు లేచినప్పుడు ఆ పొరలు ఏటవాలుగా నిలబడ్డాయి. అందుకే జెఫర్సన్ కౌంటీలో కొన్ని వీధులు అలల్లా లేచి ఉంటాయి. ఈ మట్టి తడిసినప్పుడు చదరపు అడుగుకి వేల పౌండ్ల ఒత్తిడితో పైకి తోస్తుంది. నాలుగంగుళాల పేటియో బరువు దానికి లెక్కలోకి రాదు.

మన దగ్గర రేగడికి ఎండా వానా రెండే. ఇక్కడ వీటికి గడ్డకట్టడం తోడైంది. డెన్వర్‌లో పునాది అడుగు కనీసం 36 అంగుళాల లోతున ఉండాలని నిబంధన పెట్టింది అందుకే. పైగా ఇక్కడి చలికాలంలో పగలు ఎండ కాస్తుంది, రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీళ్ళు తొమ్మిది శాతం దాకా వ్యాకోచిస్తాయి. కాంక్రీటు సందుల్లో చేరిన తడి ఒక్క శీతాకాలంలోనే ఎన్నో సార్లు గడ్డకట్టి కరుగుతుంది. కింద మట్టి ఉబ్బినా, పైన పెచ్చులు ఊడినా, రెండింటికీ కారణం నీళ్ళే. కాంట్రాక్టరు ఏం చెప్పినా, ఇందులో నీళ్ళు ఎక్కడికి పోతాయని అడుగు.

కొలరాడో చట్టం ప్రకారం కొత్త ఇల్లు అమ్మేవాళ్ళు రిజిస్ట్రేషన్‌కి కనీసం 14 రోజుల ముందే మట్టి రిపోర్టు సారాంశం ఇవ్వాలి. మీకూ ఇచ్చే ఉంటారు. ఆ కాగితాల కట్టలో వెతికించు. మట్టి ఎంత శాతం ఉబ్బుతుందో, పునాది పియర్ల మీద ఉందో లేదో, బేస్‌మెంటు నేల మట్టి మీదే పోసిన స్లాబో, కింద ఖాళీ వదిలి కట్టిన ఫ్లోరో చూడు. పియర్లంటే నేలను లోతుగా తొలిచి కాంక్రీటు నింపిన స్తంభాలు. రూర్కీలో సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్ళు మన నల్లరేగడి కోసం రూపొందించిన, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన అండర్ రీమ్డ్ పైల్స్ కూడా ఈ ఆలోచనతో వచ్చినవే. పైమట్టి ఎంత కదిలినా ఇంటి బరువు కదలని లోతున కూర్చోవాలి. ఇల్లు అట్లా కట్టినా, పేటియో, డ్రైవ్‌వే మాత్రం ఆ కదిలే పైమట్టి మీదే పడుకుంటాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్న కొత్తలో దక్షిణం గోడ పక్కన ఎండ బాగా తగులుతుందని మీ పెద్దమ్మ గోంగూర మడి వేసింది. గోడను ఆనుకుని పైపు వేసి నీళ్ళు పెట్టింది నేనే. రెండు వేసవులు గోంగూర ఏపుగా వచ్చింది. రెండో ఏడు ఆగస్టులో కింద బేస్‌మెంటు బాత్రూం తలుపు పైన ఒరుసుకోవడం మొదలైంది. చెక్క ఉబ్బిందనుకుని చిత్రిక పట్టించాను. దసరాకి మళ్ళీ పట్టేసింది. అప్పుడు గచ్చు మీద లెవెల్ పెట్టి చూస్తే, గోడవైపు నేల అంగుళం పావు లేచి ఉంది. రోజూ సైటులో ఊళ్ళోవాళ్ళకి చెప్పే మాట మా ఇంటి దగ్గర నాకే తట్టలేదని ఇప్పటికీ బాధేస్తుంది. మడిని పదడుగుల దూరం జరిపాం. చూరు గొట్టాలను గోడకి ఆరడుగుల అవతలికి పొడిగించాం. కదలడం ఆగింది గానీ లేచిన గచ్చు మళ్ళీ దిగలేదు.

మీ ఇల్లు కట్టి ఇంకా ఏడాదే. బేస్‌మెంటు తవ్వినప్పుడు గోడ చుట్టూ తిరిగి పూడ్చిన మట్టి ఇంకా కొన్నేళ్ళు కూర్చుంటూనే ఉంటుంది. దాని మీద ఇప్పుడే పేటియో పోస్తే, మట్టి దిగేకొద్దీ పలక ఇంటివైపు వాలుతుంది. ఆపైన వానా మంచూ అన్నీ పునాదిలోకే. అందుకే వచ్చే వసంతం దాకా ఆగమంటున్నాను. పోసే ముందు దిగిన చోట్లన్నీ పొరలు పొరలుగా నింపి, తగినంత తడితో గట్టిగా దిమ్మిస చేయించాలి. ఇంటి నుంచి పదడుగుల్లో ఆరంగుళాలు వాటం ఉండాలని ఇక్కడి కట్టడాల నిబంధన (కోడ్). పేటియోకి అడుక్కి పావంగుళం చాలు. గోడకీ పలకకీ మధ్య అరంగుళం ఫోమ్ పట్టీ పెట్టించి పైన సీలెంట్ వేయించు. పలకను ఇనుముతో పునాదికి కట్టేస్తానంటే ఒప్పుకోవద్దు. అది లేస్తే లేవనీ, పునాదిని మాత్రం తోయకూడదు. పైన కప్పు వేసే ఆలోచనుంటే దాని స్తంభాలు పలక మీద నిలపొద్దు, విడిగా లోతు పియర్లు వేయించు. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు.

ఇక కాంక్రీటు. బయటి పలకలకి కోడ్ అడిగే కనీస బలం 3500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి తట్టుకుంటుందో ఆ లెక్క). నువ్వు 4500 అడుగు. సిమెంటుకి నీళ్ళ నిష్పత్తి 0.45 దాటకూడదు. 5 నుంచి 7 శాతం గాలి బుడగలుండే ఎయిర్ ఎంట్రైన్డ్ మిక్స్ అని ఆర్డరులో రాయించు. కంటికి కనపడని ఆ బుడగల్లోనే గడ్డకట్టే నీటికి చోటు దొరుకుతుంది. ఇవి లేని కాంక్రీటు ఎంత బలమైనదైనా ఈ చలికి నిలవదు. మీ మట్టిలో కాంక్రీటును తినేసే సల్ఫేటు ఎక్కువుందని రిపోర్టులో ఉంటే, దాన్ని తట్టుకునే టైప్ 5 లాంటి సిమెంటు వాడమను. పేటియో నాలుగంగుళాలు, కారెక్కే చోట ఐదు. లోపల వేసే ఇనుప కడ్డీలు మాత్రం కవర్ బ్లాకుల (చిన్న దిమ్మల) మీద పైకి లేచి ఉండాలి. మట్టి మీద పడేసి, పోసేటప్పుడు కొక్కెంతో లాగుతామంటే నమ్మొద్దు, అవి కిందే ఉండిపోతాయి.

లారీ వచ్చిన రోజు అల్లుడుగారు సెలవు పెట్టాలి. డ్రైవరు దగ్గర చీటీ తీసుకుని ఏ టైముకి లోడయిందో, ఎన్ని గ్యాలన్ల నీళ్ళు కలిపారో చూడండి. పని సులువుగా సాగుతుందని పనివాళ్ళు ఇంకా నీళ్ళు పట్టమంటారు. ఘనగజం కాంక్రీటుకి ఒక గ్యాలన్ ఎక్కువైతే సుమారు 200 పీఎస్‌ఐ బలం పోతుంది. బద్దెతో లెవెల్ చేశాక పైకి నీళ్ళు తేలి, పలకంతా అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా ఎవరూ తాపీ పెట్టకూడదు. వంగి, ఏటవాలు వెలుగులో చూడండి. తడి తళుకు పోయి మసకబారాకే చీపురు గీతలు గీయాలి. మా డ్రైవ్‌వే పోసిన రోజు గాలి, ఎండ ఎక్కువుండి పైపొర త్వరగా బిగిసింది. పనాయన బకెట్లో బ్రష్షు ముంచి నీళ్ళు చిలకరిస్తూ నున్నగా రుద్దేశాడు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! నేను డ్యూటీలో ఉన్నాను. రెండో చలికాలం వెళ్ళేసరికి పైపొర అప్పడంలా పెచ్చులు లేచింది, చీపురుతో ఊడిస్తే కంకర తేలింది. నున్నటి పని వద్దని, నీళ్ళు చిలకరించొద్దని ముందే చెప్పి ఉంచు.

అదే రోజు గానీ, మర్నాడు పొద్దున్నే గానీ రంపంతో జాయింట్లు కోయాలి. మీ పదహారడుగుల పేటియోని నిలువునా అడ్డంగా కోసి ఎనిమిదడుగుల నాలుగు ముక్కలు చేయించు. కోత అంగుళం లోతు ఉండాలి. కాంక్రీటు ఎట్లాగూ బీటలిస్తుంది, మనం గీసిన గీతలోనే ఇస్తే చాలు.

నవంబరు ఎందుకొద్దన్నానంటే, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే సిమెంటు గట్టిపడడం బాగా మందగిస్తుంది. కనీసం 500 పీఎస్‌ఐ బలం రాకముందే గడ్డకడితే, ఆ కాంక్రీటు తర్వాత ఎన్నాళ్ళకీ కోలుకోదు. గడ్డకట్టిన నేల మీద పోస్తే మార్చిలో అది కరిగి పలక కింద ఖాళీ మిగులుతుంది. వెచ్చటి దుప్పట్లు కప్పి, వేడినీళ్ళ మిక్స్ తెప్పించి చేసేవాళ్ళున్నారు, తప్పనిసరి పనులకి నేనూ చేయించాను. పేటియోకి అంత అవస్థ దేనికి? త్వరగా బిగియడానికి కాల్షియం క్లోరైడు కలుపుతామంటే ఇనుమున్న పలకకి వద్దను, తుప్పు పట్టిస్తుంది. ఏప్రిల్ ఆఖరు గానీ మే గానీ, రాత్రుళ్ళు కూడా వెచ్చబడ్డాక పెట్టుకోండి. అప్పటికీ ఇక్కడ మంచు పడొచ్చు, వాతావరణం చూసుకుని తేదీ మార్చుకోండి.

పోసిన కాంక్రీటు ఆరిపోకుండా మన ఊళ్ళో స్లాబు మీద మట్టితో మడి కట్టి నీళ్ళు నింపుతాం. ఇక్కడ అట్లా చేయకు, ఆ నీళ్ళు పక్కలకి దిగి రేగడిని తడుపుతాయి. తడి ఆరిపోకుండా పైన పొరలా నిలిచే క్యూరింగ్ ద్రావకం చల్లించి, వారం కారెక్కించకండి. మొదటి చలికాలం ఉప్పు అసలు చల్లకండి, జారకుండా ఇసుక చాలు. అమ్మోనియం సల్ఫేటు, నైట్రేటు ఉన్న మంచు మందులు ఎప్పటికీ తేవద్దు, కాంక్రీటును తినేస్తాయి.

బేస్‌మెంటులో గదులు కట్టే మాట తర్వాత ఎప్పుడైనా మాట్లాడదాం. ఒక్కటి ఇప్పుడే రాస్తున్నాను. మీది మట్టి మీది స్లాబే అయితే లోపలి గోడలు పైనుంచి వేలాడాలి, కింద అంగుళంన్నర ఖాళీ వదలాలి. నేల లేచినా గోడ పైఅంతస్తును తోయకుండా ఉంటుంది.

ఈ చలికాలం మంచు కరిగే ప్రతి రోజూ ఒకసారి ఇంటి చుట్టూ నడువు. నీళ్ళు గోడ పక్కన ఎక్కడ నిలిచాయో ఫొటో తీసి తేదీతో దాచిపెట్టు. మార్చిలో లెవెల్, టేపు పట్టుకుని నేనొస్తాను, ఆ ఫొటోలు ముందేసుకుని వాటం గుర్తులు పెడదాం. పాపకి ముద్దులు.

ఇట్లు,
మీ పెదనాన్న