టాటూ, ముక్కుపుడక, చెవిపోగులు: అమెరికాలో అమ్మానాన్నల సంతకం ఎంతవరకు చెల్లుతుంది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి అడిగారు: "మావారి ఉద్యోగరీత్యా జూన్‌లో డాలస్ వెళ్తున్నాం. పదహారేళ్ళ మా అమ్మాయి అక్కడికి వెళ్ళగానే ముంజేతి మీద టాటూ వేయించుకుంటానని, ముక్కు కూడా కుట్టించుకుంటానని పట్టుబడుతోంది. అక్కడే ఉన్న మా ఆడపడుచు పసిపాపకు ఇంకా చెవులు కుట్టించలేదు. పెద్దవాళ్ళం సంతకం పెడితే సరిపోతుందా?"

అమ్మా, మీరు ఒకే ప్రశ్నగా అడిగారు గానీ ఇందులో మూడు సంగతులున్నాయి, డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రపు చట్టం మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది. టాటూ వేసే వృత్తిని నియంత్రించే జాతీయ చట్టమేదీ అమెరికాలో లేదు. ఆ పని రాష్ట్రాలది, కొన్నిచోట్ల కౌంటీలది (మన జిల్లాల్లాంటివి). అందువల్ల మీ అమ్మాయి స్నేహితురాలు మరో రాష్ట్రంలో ఏం చేయించుకుందన్నది మీ ఇంట్లో వాదనకు పనికివస్తుందేమో గానీ డాలస్‌లో పనికిరాదు.

టాటూ విషయం సూటిగా చెబుతాను. టెక్సస్‌లో 18 ఏళ్ళు నిండనివారికి టాటూ వేయకూడదు. మీ దంపతులిద్దరూ పక్కన నిలబడి సరేనన్నా వేయకూడదు. ఒంటి మీద అప్పటికే ఉన్న అసభ్యమైన రాతనో, ముఠా గుర్తునో, మత్తుపదార్థాల గుర్తునో, కప్పివేయడమే పిల్లకు మేలని తల్లిదండ్రులు భావించే మరో గుర్తునో కప్పివేయడానికి మాత్రమే, అదీ తల్లిదండ్రుల అనుమతితో, మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో కూడా మైనర్లకు టాటూ వేయడం నేరమే. కొన్ని ఇతర రాష్ట్రాలు తల్లిదండ్రుల అనుమతి ఉంటే ఒప్పుకుంటాయి, కానీ అందుకోసం పిల్లను కారెక్కించుకుని సరిహద్దు దాటమని నేను చెప్పను. బ్రిటన్ వెళ్ళేవారికి ఒక మాట: అక్కడ 1969 నాటి చట్టం ప్రకారం వైద్య కారణంతో వైద్యుడు వేస్తే తప్ప 18 లోపు టాటూ నిషిద్ధం, తల్లిదండ్రుల అనుమతికి అందులో చోటే లేదు.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు తికమకపడతారు. మనకు చెవి కుట్టించడం, ముక్కు కుట్టించడం ఒక కోవలోవే. రెండూ కంసాలి చేతిమీదుగా జరిగిపోయేవే. టెక్సస్ చట్టం మాత్రం చెవి తమ్మెను విడిచిపెట్టి, తక్కిన శరీరంలో నగ కోసం ఎక్కడ రంధ్రం చేసినా దాన్ని బాడీ పియర్సింగ్‌గానే లెక్కిస్తుంది. కాబట్టి ముక్కుపుడకకు లైసెన్సున్న స్టూడియోకే వెళ్ళాలి, మైనరుకు తల్లి లేదా తండ్రి అనుమతి ఉండాలి. పిన్నినో అత్తనో తోడు పంపితే సరిపోదు, మీరే గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్ళండి. పిల్ల మీ పిల్లేనని చూపించే కాగితం కూడా అడుగుతారు, చిక్కంతా అక్కడే వస్తుంది. మీ పాస్‌పోర్టులో పుట్టింటివారి ఇంటిపేరు, అమ్మాయి పాస్‌పోర్టులో నాన్నగారి ఇంటిపేరు ఉంటే ఎదుటివారికి మీరెవరో తెలియదు. మన మునిసిపాలిటీల్లో పుట్టగానే తీసుకున్న ధ్రువపత్రంలో చాలామందికి బిడ్డ పేరే ఉండదు, ఆ గడి ఖాళీగా ఉంటుంది. గుంటూరులో ఉండగానే పేరు చేర్పించి, ఇంగ్లీషులో ఉన్న ప్రతి తీసుకోండి. బడిలో చేర్చేటప్పుడు కూడా అదే అక్కరకొస్తుంది.

పసిపాప చెవుల కోసం గుంటూరు దాకా రానక్కరలేదు. కొందరు పిల్లల డాక్టర్లు తమ క్లినిక్‌లోనే కుడతారు, అడిగి చూడమనండి. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అభిప్రాయం ప్రకారం శుభ్రంగా కుట్టి జాగ్రత్తగా చూసుకుంటే ఏ వయసులోనైనా ప్రమాదం తక్కువే, అయితే పిల్ల తనంతట తాను శుభ్రం చేసుకోగల వయసు దాకా ఆగడం మేలని కూడా వారంటారు. మన బామ్మలు ఈ రెండో మాట వినరని నాకు తెలుసు. కనీసం రెండు, నాలుగు, ఆరు నెలల్లో వేసే ధనుర్వాతం టీకాలు పడేదాకా ఆగమని చెప్పండి.

మీ అమ్మాయికి 18 నిండాక కూడా లైసెన్సు గోడ మీద కనిపించే చోటికే వెళ్ళమనండి, సూదిని తన కళ్ళముందే కొత్త పొట్లంలోంచి తీయమని అడగమనండి. అపార్ట్‌మెంట్లో మిషను పెట్టుకుని చవకగా వేస్తానన్న కుర్రవాడి దగ్గరికి వెళ్ళనివ్వకండి. న్యూయార్క్ నగరం సూదుల ద్వారా కూడా అంటుకునే కాలేయ వ్యాధి హెపటైటిస్ భయంతోనే 1961 నుంచి 1997 వరకు టాటూలను నిషేధించింది. రంగు సంగతికొస్తే, చర్మంలోకి ఎక్కించడానికి ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఆమోదించిన రంగు ఇప్పటికీ ఒక్కటీ లేదు. ఇది స్టూడియో వాళ్ళు తమంతట తాము చెప్పే విషయం కాదు.

అప్పటిదాకా గోరింటాకుతో సరిపెడదామనుకుంటే, రుబ్బిన ఆకుకు పేచీ లేదు. నల్లగా పండే కోన్లు మాత్రం సామానులో పెట్టుకోకండి. వాటిలో జుట్టుకు వేసే పీపీడీ రంగు కలుపుతారు, దానివల్ల చర్మం బొబ్బలెక్కి మచ్చలు మిగిలినవారున్నారు. ఎఫ్‌డీఏ లెక్కలో గోరింటకు సైతం జుట్టు రంగుగానే అనుమతి, చర్మానికి కాదు.