300 మందితో రెండు రోజుల సదస్సు: హాలు వెతికే ముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: సైన్సు టీచర్ల సంఘం తరఫున మొదటిసారి రెండు రోజుల సదస్సు చేయాలి, రెండు రాష్ట్రాల నుంచి 300 మంది వస్తారు, చేతిలో 6 లక్షలున్నాయి. హైదరాబాద్‌లో మంచి హాలు చెప్పమంటారా, విజయవాడ నయమా అని.

పన్నెండేళ్లుగా విజయవాడలో ఉంటూ సంఘాలకు, కాలేజీలకు ఈ పనులు చేసిపెడుతున్నాను. అంతకుముందు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, కాబట్టి టీచర్ల సభలు ఎలా నడుస్తాయో రెండు వైపుల నుంచీ చూశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది హాలు సంగతే. నేనేమో ఎదురుప్రశ్న వేస్తాను: మీ 300 మంది అక్కడ కూర్చుని వింటారా, చేతులతో ఏదైనా చేస్తారా, చేతులెత్తి తీర్మానాలు చేస్తారా, లేక ఒకరినొకరు కలుసుకుని కబుర్లు చెప్పుకుంటారా? దీన్ని బట్టే కుర్చీలు ఎటు తిరిగి ఉండాలో తేలుతుంది. అది తేలితే హాలు సగం దొరికినట్టే.

ఈ ప్రశ్న వేసుకోకుండా నేను చేసిన మొదటి నిర్వాకం చెబుతాను. ఒక వృత్తి సంఘానికి ఒకరోజు సదస్సు, 250 మంది. గుంటూరు వైపు ఒక ఫంక్షన్ హాలు చూశాం. ఏసీ, షాండ్లియర్లు, వంద కార్లు పట్టే పార్కింగ్. చూడగానే అడ్వాన్సు ఇచ్చేశాను. అది ఫాల్గుణ మాసమని నాకు తట్టనే లేదు. ఆ రోజు పై అంతస్తులో మేము, కింద పెళ్లి. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన మొదటి స్లైడు వేసి, "ఇక్కడ ముఖ్యంగా గమనించాల్సింది ఏమిటంటే..." అన్నారో లేదో, కింద గట్టిమేళం మొదలైంది. ఆయన ఆగారు. మేళం ఆగలేదు. మూడో వరసలో ఎవరో "అక్షింతలు ఏవండీ?" అన్నారు, సభంతా ఒకటే నవ్వు. పైగా వేదిక మీద అతిథులకు మామూలు కుర్చీలు లేక, హాలువాళ్లు వధూవరుల సింహాసనాలు వేశారు. ఎర్ర వెల్వెట్టు, బంగారు రంగు సింహాలు. వాటిలో పక్కపక్కన బిగుసుకుని కూర్చున్న ఇద్దరు ప్రొఫెసర్ల ఫొటో ఇప్పటికీ ఆ సంఘం వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకసారి తిరుగుతుంది.

తప్పు హాలుది కాదు. దాన్ని పెళ్లికి కట్టారు, పెళ్లికి బాగానే ఉంటుంది. పెళ్లిలో మైకులో మాట వినపడకపోయినా ఎవరూ పట్టించుకోరు. అందుకే చాలా ఫంక్షన్ హాళ్లలో మాట గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది, మధ్యలో స్తంభాలు అడ్డమొస్తాయి, తెర వెయ్యాలంటే కిటికీల నిండా వెలుగు.

మనవాళ్లు అన్నిటినీ సదస్సు అనే అంటారు గానీ, లోపల జరిగేవి వేరువేరు పనులు. సంఘానికి కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుని తీర్మానాలు చేసేది మహాసభ. దానికి కావలసింది సభ్యుల జాబితా, గుర్తింపు కార్డులు, ఓట్లు లెక్కపెట్టే ఏర్పాటు. కొత్త పని నేర్పేది వర్క్‌షాపు. దానికి చిన్న గదులు, బల్లలు, నీళ్ల కుళాయి. ప్రభుత్వానికి డిమాండ్లు వినిపించేదైతే అది ఒక పూట సభ. దాన్ని హైదరాబాద్‌లో అయితే ఏ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో పెట్టుకోవాలి, ఎందుకంటే విలేఖరులు అక్కడికి సులువుగా వస్తారు. ఊరవతల పాతిక కిలోమీటర్ల దూరంలో పెడితే మీ డిమాండ్లు మీరే వినాలి. అందరూ కలవడమే ముఖ్యమైతే అది సమ్మేళనం, దానికి ఫంక్షన్ హాలే హాయి, ఈసారి సింహాసనాలు ఉన్నా ఫర్వాలేదు.

పెద్దవాటిని చూసినా ఇంతే. 1975లో, మళ్లీ 2017లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు ఒక పండుగ. జనం రావాలి, పాట వినాలి, మన భాష అని పొంగిపోవాలి. వాటికి లాల్ బహదూర్ స్టేడియం సరిపోయింది. మాదాపూర్ దగ్గరి హెచ్‌ఐసీసీ, అంటే హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం సంగతి వేరు. 2006లో మొదలైన భవనమది, ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశాలు ఆ ఏడాదే అక్కడ జరిగాయి. పెద్ద హాలును మధ్య గోడలు జరిపి చిన్న హాళ్లుగా విడగొట్టుకోవచ్చు, పక్కనే హోటలు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అక్కడే జరిగింది. మీ 6 లక్షలతో ఆ వైపు చూడక్కర్లేదనుకోండి. ఇక 1961లో ఠాగూర్ శతజయంతి సందర్భంగా వచ్చిన రవీంద్రభారతి నాటకానికి, నాట్యానికి, సన్మానానికి పెట్టింది పేరు. కానీ కుర్చీలు నేలకు బిగించి ఉంటాయి. అక్కడ నలుగురు టీచర్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ప్రయోగం చేయించలేరు.

మీ విషయానికి దగ్గరగా ఉండేది 2017 జనవరిలో తిరుపతిలో జరిగిన 104వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పెట్టారు. ఒకేసారి అనేక సెషన్లు నడపడానికి విశ్వవిద్యాలయంలో గదులుంటాయి, సెమినార్ హాళ్లుంటాయి, పడుకోవడానికి హాస్టళ్లుంటాయి. సైన్సు చెప్పుకోవడానికి ల్యాబులున్న చోటికి మించినదేముంటుంది?

మీ ప్రశ్నలో ఒక మాట నన్ను పట్టేసింది: "తక్కువ ఖర్చుతో చేసే ప్రయోగాలు అందరికీ చేరాలి" అని రాశారు. అదే మీ లక్ష్యమైతే మీకు కావలసింది సదస్సు పేరుతో నడిచే వర్క్‌షాపు. నన్నడిగితే లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో, లెక్కపెట్టగలిగేలా రాసుకోండి: "వచ్చిన ప్రతి టీచరూ తన బళ్లో చేయగలిగే ఆరు ప్రయోగాలు స్వయంగా చేసి వెళ్లాలి." "సైన్సు బోధనలో నూతన పోకడలపై చర్చ" అని రాసుకుంటే ఇద్దరు ముఖ్య అతిథులు, ఇరవై శాలువాలు, ఒక సావనీరు మిగులుతాయి.

శాలువాల మాట వచ్చింది కాబట్టి, మన సభల్ని మింగేసేది ప్రారంభోత్సవం. పదింటికి అని వేస్తాం, అతిథి పదకొండున్నరకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, వేదిక మీదున్న పద్నాలుగు మందికి పూలగుత్తులు, ఒక్కొక్కరూ "రెండే రెండు మాటలు". భోజనాల వేళకు మొదటి టెక్నికల్ సెషన్ గల్లంతు. నేను ఇప్పుడు చేసే పని ఏమిటంటే, తొమ్మిదిన్నరకు నేరుగా సెషన్లతో మొదలుపెడతాను, ప్రారంభోత్సవాన్ని పన్నెండుకు వేస్తాను. అతిథి ఆలస్యమైనా పని ఆగదు. తొందరగా వస్తే గదుల్లో జరుగుతున్నది చూపిస్తాం, వాళ్లకూ అదే బాగుంటుంది. మొదటిసారి ఇలా అన్నప్పుడు ఒక సంఘం అధ్యక్షుడు, "దీపం వెలిగించకుండా మొదలెడతామా మాస్టారూ?" అని గుంజాటన పడ్డారు. పొద్దున్నే సంఘంలో పెద్దావిడ చేత దీపం వెలిగింపజేశాం, మధ్యాహ్నం అతిథి చేత ఇంకో కుందె. ఎవరికీ కష్టం కలగలేదు.

తేదీలకు క్యాలెండరుతో పాటు పంచాంగం కూడా తెరవండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల రోజుల్లో హాళ్లు దొరకవు, దొరికినా రేటు అడగలేం. వంటవాళ్లు, షామియానావాళ్లు, మైకు సెట్టువాళ్లు అందరూ పెళ్లిళ్ల మీదే ఉంటారు. ఆషాఢం, భాద్రపదం, ధనుర్మాసం, మూఢం రోజులు మనవి. ఆషాఢంలో నేను మామూలు అద్దెలో సగానికి హాలు మాట్లాడిన సందర్భాలున్నాయి. వానొస్తే భోజనాలు ఎక్కడ పెడతారో మాత్రం ముందే చూసుకోవాలి. ధనుర్మాసం చల్లగా బాగుంటుంది గానీ, సంక్రాంతి దగ్గరపడితే రైళ్లలో చోటుండదు. టీచర్లు కాబట్టి రెండో శనివారం, ఆదివారం కలిసొస్తే సెలవు పెట్టే బాధ తప్పుతుంది. అమెరికాలో తానావాళ్లు మహాసభల్ని జూలై 4 సెలవుల దరిదాపుల్లో పెట్టుకునేది కూడా ఇందుకే, రెండు మూడు రోజులు అందరికీ ఖాళీ దొరకాలి.

ఇక హైదరాబాదా, విజయవాడా అన్నది నేను చెప్పేది కాదు, మీ సభ్యుల జాబితా చెబుతుంది. పేర్లన్నీ జిల్లాలవారీగా విడదీసి లెక్కపెట్టండి. రాత్రి రైలెక్కి పొద్దున్న దిగగలిగిన వాళ్లు ఎంతమందో చూడండి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, ఖమ్మం, హైదరాబాద్ అన్నీ కలిపి ఉంటే విజయవాడ జంక్షన్ సుఖం. మూడొంతులు తెలంగాణవాళ్లే అయితే ఆ ఆలోచన మానుకోండి.

డబ్బు లెక్క ఒకసారి వేద్దాం. 6 లక్షలు, 300 మంది, అంటే మనిషికి 2000. అందులో రెండు టిఫిన్లు, రెండు మధ్యాహ్న భోజనాలు, ఒక రాత్రి భోజనం, నాలుగు టీలు, బస, కిట్టు, హాలు. తిండికే దాదాపు సగం పోతుంది. కాబట్టి హాలు మీద లక్షలు పోయడానికి లేదు. నా సలహా ఊరికి దగ్గరలో, బస్సులున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీనో డిగ్రీ కాలేజీనో, విద్యార్థులకు సెలవులున్నప్పుడు అడగండి. 300 మంది పట్టే సెమినార్ హాలు ఒకటి, ఎనిమిది ల్యాబులు లేదా క్లాసురూములు, హాస్టలు గదులు. రోజూ పొద్దున్న అందరూ కలిసి ముప్పావుగంట, ఆ తర్వాత గదికి 35, 40 మంది చొప్పున బ్యాచులు. ఇలాంటి పనికి చాలా యాజమాన్యాలు నామమాత్రపు అద్దె తీసుకుంటాయి. బ్రోచరులో కాలేజీ పేరు వేస్తే కొన్ని అదీ అడగవు.

ఏ చోటైనా ఫొటోలు చూసి ఒప్పుకోకండి. మీ సభ రోజులో ఏ వేళకు జరుగుతుందో ఆ వేళకే వెళ్లి చూడండి. నేను వెళ్లగానే చేసేది, హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టడం. ఆ చప్పుడు సాగి మళ్లీ వినిపిస్తే అక్కడ మాట అర్థం కాదు. తర్వాత చివరి వరసలో కూర్చుంటాను, స్నేహితుణ్ణి వేదిక మీద మైకు లేకుండా మాట్లాడమంటాను. ఏసీ వేయించి దాని మోత వింటాను. ఆడవాళ్ల బాత్‌రూములు ఎన్ని, నీళ్లొస్తున్నాయా అని కుళాయి తిప్పి చూస్తాను. మీ 300 మందిలో సగం మంది మేడమ్‌లు ఉంటే, పదిహేను నిమిషాల టీ విరామం అరగంట అయ్యేది అక్కడే. "500 పడతారండీ" అంటే కుర్చీలు ఒకదానికొకటి ఆనించి వేస్తే 500 అని అర్థం. ముందు బల్లలు వేస్తే అందులో సగం.

ప్రైవేటు హాలే తీసుకుంటే, చెప్పిన అద్దె మీద 18 శాతం జీఎస్టీ, కరెంటు యూనిట్ల లెక్క, జనరేటరు డీజిలు, క్లీనింగు విడిగా వస్తాయేమో అడిగి కాగితం మీద రాయించుకోండి. లోపలికి అడుగుపెట్టగానే కరెంటు మీటరుకు ఫోనుతో ఫొటో తీయండి, తాళాలిచ్చేటప్పుడు ఇంకొకటి. ఒకసారి ఫొటో తీయలేదు, ముందురోజు రిసెప్షన్ వాడిన కరెంటు కూడా మా బిల్లులోకే వచ్చింది. మేనేజరు, "మీటరు అబద్ధం చెప్పదు కదా సార్" అన్నాడు. అక్కడ నా దగ్గర జవాబు లేదు.

భోజనాల దగ్గర ఒకటే జాగ్రత్త. రిజిస్ట్రేషన్ ఉచితంగా పెడితే పేరిచ్చిన వాళ్లలో మూడోవంతు రారు. ఒకసారి 300 ప్లేట్లకు గ్యారంటీ ఇచ్చాం, వచ్చింది 212 మంది. క్యాటరింగ్ ఆయన మంచివాడు, అయినా "అన్నా, బియ్యం కడిగేశాను కదా" అన్నాడు. మిగిలిన పులిహోర, సాంబారు అన్నీ ఆటోలో వేసుకుని దగ్గర్లోని ఒక హాస్టలుకు తిరిగాం. అప్పటి నుంచి మనిషికి కనీసం 300 రూపాయలైనా ఫీజు పెట్టిస్తున్నాను. డబ్బు కట్టినవాళ్లు వస్తారు. క్యాటరింగ్ వాళ్లకు 260 గ్యారంటీ చెప్పి, మిగతా నలభై ముందురోజు సాయంత్రం ఖాయం చేస్తాను.

చివరగా, రెండో రోజు సాయంత్రం ఐదు దాకా కార్యక్రమం వేసుకోకండి. మధ్యాహ్నం భోజనం కాగానే హాలు వెనక గోడ పక్కన బ్యాగులు చేరడం మొదలవుతుంది. రైలు టైములు చూసుకుంటూ ఒక్కొక్కరూ జారుకుంటారు. అన్నిటికంటే మంచి ప్రయోగాన్ని ఆ పొద్దుటే పెట్టండి, మూడున్నరకు ముగించండి. సర్టిఫికెట్లు మాత్రం మూడింటికి ముందు ఎవరు అడిగినా ఇవ్వకండి. "మా అమ్మకి ఒంట్లో బాలేదు" అన్నవాళ్లకు తప్ప. అదీ మీరు ఎన్నిసార్లు వింటారో చూడండి.