ఒడంబడిక అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది?

ప్రశ్న: దేశాలు ఒప్పందం చేసుకున్నాక అసలు కాగితం ఎవరు దాస్తారు? ఐక్యరాజ్య సమితిలో నమోదు చేయకపోతే అది చెల్లదంటారు, నిజమేనా?

జవాబు: ఇద్దరి మధ్య ఒప్పందమైతే సాధారణంగా అసలు ప్రతులే రెండు తయారవుతాయి, చెరొకటి పట్టుకెళ్తారు. ఎవరి ప్రతిలో వాళ్ల దేశం పేరు ముందు వస్తుంది, వాళ్ల ప్రతినిధి సంతకం ఎడమవైపు పడుతుంది. ఎవరు ముందన్న పేచీకి దౌత్యవేత్తలు ఎప్పుడో కనిపెట్టిన విరుగుడిది. చాలా దేశాలు చేరే ఒడంబడికకు మాత్రం అసలు ప్రతిని ఒకరికి అప్పగిస్తారు. 1949 నాటి జెనీవా ఒడంబడికలు స్విట్జర్లాండ్ దగ్గర, 1959 నాటి అంటార్కిటికా ఒడంబడిక అమెరికా దగ్గర ఉన్నాయి.

‘నమోదు కాకపోతే చెల్లదు’ అన్నది ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి నాటి మాట. దాని స్థాపక ఒడంబడికలోని 18వ అధికరణం అలాగే చెప్పింది. ఐక్యరాజ్య సమితి 1945 చార్టర్‌లోని 102వ అధికరణం అంత దూరం పోలేదు: నమోదు కాని ఒప్పందాన్ని సమితి అంగాల ముందు పెట్టి వాదించకూడదంది, అంతే. బహ్రెయిన్‌తో కలిసి దోహాలో 1990 డిసెంబరులో రాసుకున్న, సమావేశంలో కుదిరిన విషయాలను చెప్పే మినిట్స్‌ను ఖతార్ 1991 జూన్‌లో గానీ నమోదు చేయలేదు. ఆ ఆలస్యాన్ని పట్టుకుని, అది ఒప్పందమే కాదని బహ్రెయిన్ వాదించింది. నమోదు ఆలస్యమైనా, అసలు కాకపోయినా ఒప్పందం చెల్లుబాటుకు ఢోకా లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 1994లో తేల్చింది.

సంతకాలు కాగానే నమోదుకు పంపితే ఐక్యరాజ్య సమితి సచివాలయం తీసుకోదు. ఒప్పందం అమల్లోకి రావాలి. ఆ తర్వాత భాగస్వాముల్లో ఎవరు పంపినా చాలు. ఒప్పందం ప్రామాణికమని ఒప్పుకున్న భాషలన్నిటిలోనూ ధ్రువీకరించిన నకలు, చేసుకున్న చోటు, తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ, ఎలా వచ్చిందో వివరం, నకలు పూర్తిగా ఉందన్న అధికారిక ప్రకటన జతచేయాలి. అనుబంధాలు, పటాలు ఒప్పందంలో భాగమే. వాటిని వదిలేస్తే నకలు పూర్తయినట్టు కాదు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ అనువాదాలు కూడా జతచేసి అచ్చువేస్తారు కాబట్టి, నమోదు నంబరు పడ్డాక కూడా సమితి అచ్చువేసే సంపుటిలో పాఠం కనబడటానికి చాలాకాలం పట్టొచ్చు.

వెతకాలంటే నంబరే దారి. ఒడంబడికల గురించే చేసుకున్న 1969 వియన్నా ఒడంబడిక నంబరు 18232. సమితి ఒడంబడికల గ్రంథమాలలో 1155వ సంపుటి, 331వ పేజీ. పాఠం దొరికిందని ఆగిపోకండి. ఏ దేశం ఎప్పుడు చేరిందో, ఏ నిబంధన తనకు వర్తించదని మినహాయింపు పెట్టుకుందో అసలు పాఠంలో ఉండదు. వాటికి స్థితి పట్టిక విడిగా చూడాలి; ఒడంబడికను దాచే దేశమో, సమితి సచివాలయమో దాన్ని నిర్వహిస్తుంది.