పెట్ట వెనుక ఈకల గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నీ కోడిపెట్ట ఫోటోను పెద్దది చేసి చూశాను. తోక కింది ఈకలు రెట్టతో ముద్దకట్టి ఎండిపోయాయి. పెట్ట మేత తింటోంది, గుడ్డు పెడుతోంది, కడగడానికి ఆదివారం దాకా ఆగవచ్చా అని అడిగావు. వద్దమ్మా. ఈ ఉత్తరం అందిన మర్నాడు ఉదయమే ఆ పని పెట్టుకో.

నా భయం ఈగల గురించి. రెట్ట అంటి తడిగా ఉన్న ఈకల్లో అవి గుడ్లు పెడతాయి. వెచ్చని వాతావరణంలో ఒక రోజు గడవకముందే పురుగులు బయటికి వస్తాయి. అవి రెట్టతో సరిపెట్టుకోవు. చర్మాన్ని తొలుచుకుంటూ మాంసంలోకి వెళతాయి. పైన ఈకలు దట్టంగా కప్పి ఉంటాయి కాబట్టి మన కంటికి ఏమీ తెలియదు. పెట్ట కూడా బాధను బయటపెట్టదు. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్లే పొడుస్తాయి కనుక ఓపిక ఉన్నంత వరకు మామూలుగానే తిరుగుతుంది. అది ముడుచుకుని ఓ మూల నిలబడే సరికి బాగా ముదిరిపోయి ఉంటుంది. తింటోంది కదా అన్న ధీమా ఈ విషయంలో పనికిరాదు.

పొద్దున్నే మొదలుపెట్టు, సాయంత్రానికి ఒళ్లు పూర్తిగా ఆరాలి. వెడల్పాటి తొట్టెలో గోరువెచ్చని నీళ్లు పోసి, కాళ్లు జారకుండా అడుగున పాత తువ్వాలు పరుచు. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. మన చేతికి చల్లగా తగిలే నీళ్లు దానికి ఇంకా చల్లగా ఉంటాయి, అందుకని నీటి వేడిని మోచేత్తో చూసుకో, హాయిగా వెచ్చగా ఉండాలి. పొట్ట, తోక అడుగు మునిగేంత లోతు చాలు. వీపు, మెడ, తల పొడిగానే ఉండనివ్వు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకో. రెక్కలు రెండింటినీ ఒంటికి అదిమి పట్టుకుని మెల్లగా దింపు. మొదట గింజుకుంటుంది. కాళ్లకు ఆనిక దొరికి, వెచ్చదనం ఒంటికి పట్టాక చాలా పెట్టలు కుదురుగా నిలబడతాయి, కొన్నయితే కళ్లు మూసుకుంటాయి కూడా. పది పదిహేను నిమిషాలు అలా నాననివ్వు. ఈలోగా మాట్లాడుతూ ఉండు, నీ గొంతు దానికి అలవాటే కదా.

ఎండిన ముద్దను పట్టుకుని లాగవద్దు. అక్కడి చర్మం చాలా పలుచన. ఈకతో పాటు అదీ చిరుగుతుంది, రక్తం కనిపించిందంటే మిగతా కోళ్లు వదిలిపెట్టవు. బాగా నానాక వేళ్ల మధ్య నలిపితే కొంచెం కొంచెంగా కరిగి ఊడుతుంది. అవసరమైతే వాసన లేని మెత్తని సబ్బు చుక్క వేసుకో, కానీ రెట్ట, గుడ్డు వచ్చే ద్వారం లోపలికి పోకుండా చూడు. ఆ తరువాత శుభ్రమైన వెచ్చని నీళ్లతో సబ్బు మిగలకుండా కడుగు. ఇదంతా చెబుతూనే ఒక మాట: స్నానాన్ని అలవాటు చేయకు. తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. కోడి ముక్కుతో ఆ నూనె తీసుకుని ఈకలకు రాసుకుంటుంది, వాటి నిగనిగ అక్కడి నుంచే. ఊరికే సబ్బు పెడుతూ ఉంటే ఆ పూత పోతుంది, ఈకలు బిరుసెక్కుతాయి. శుభ్రంగా ఉన్న పెట్టను ముద్దు కోసం కడగడం నాకు అసలు నచ్చదు.

ఎంత నానినా ఊడని ముద్ద ఉంటే మొన గుండ్రంగా ఉన్న కత్తెరతో కత్తిరించు. చర్మం ఎక్కడుందో ముందు వేలితో తడిమి చూసుకో, తడి ఈకల్లో అది ముద్దలో కలిసిపోయి కనిపించదు. కొత్తగా మొలిచే ఈకల కాడలు ముదురు రంగులో, లావుగా ఉంటాయి. వాటిలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోవద్దు. ఇంకొకటి గుర్తుపెట్టుకో. కత్తిరించిన ఈక మళ్లీ ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా పెరగదు, కనుక అక్కరకు మించి కోయకు. నీ పెట్టలాగా వెనుక భాగం బాగా బొద్దుగా, మెత్తని ఈకలతో నిండి ఉండే జాతులకు మాత్రం ద్వారం చుట్టూ కాస్త కురచ చేసి ఉంచడమే మంచిది. రెట్ట ఈకలకు తగలకుండా నేరుగా కింద పడుతుంది.

తువ్వాలుతో అద్ది, తరువాత హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి దూరం నుంచి ఆరబెట్టు. గాలి తగిలే చోట నీ చెయ్యి కూడా ఉంచితే వేడి ఎక్కువైతే నీకే ముందు తెలుస్తుంది. పైకి ఆరినట్టు కనిపించినా అడుగున మెత్తటి నూగు తడిగానే ఉంటుంది. వేళ్లతో విడదీసి చూసి, పూర్తిగా ఆరాకే గూటికి పంపు.

ఇక అసలు విషయం. కడగడంతో నీ పని సగం కూడా కాలేదు. ఆరోగ్యంగా ఉన్న పెట్ట వెనుక భాగం మనం ఏమీ చేయకపోయినా శుభ్రంగానే ఉంటుంది. మురికి పట్టిందంటే దానికి ఏదో కారణం ఉంది, అది తెలియకుండా ఎన్నిసార్లు కడిగినా వారంలో మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి ఈకలు విడదీసి ఉన్నప్పుడే చర్మాన్ని, ద్వారాన్ని తీరిగ్గా పరిశీలించు. గుడ్లు పెడుతున్న పెట్టకు ద్వారం వెడల్పుగా, తేమగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. గుడ్లు మానిన పెట్టకు చిన్నగా, పొడిగా ముడుచుకుని ఉంటుంది. రెండూ మామూలే. ఎర్రగా కమిలి వాచి ఉంటే మామూలు కాదు.

తరువాత రెట్ట చూడు. తెల్లవారగానే, రాత్రి అవి ఎక్కి నిద్రపోయే కర్ర కింద పడినది చూస్తే రాత్రంతా కడుపు ఎలా ఉందో తెలుస్తుంది. గోధుమ రంగులోనో బూడిద రంగులోనో గట్టిగా ఉండి, పైన తెల్లని పూత ఉంటే మంచి రెట్ట. ఆ తెల్లది మూత్రమే. కోడికి రెట్టకు, మూత్రానికి, గుడ్డుకు ఒకటే ద్వారం. రోజుకు కొన్నిసార్లు జిగటగా, ముదురు రంగులో, భరించలేని వాసనతో కూడా వేస్తుంది. పేగుల చివర ఉండే రెండు తిత్తుల నుంచి వచ్చేది అది. కొత్తగా కోళ్లు పెంచేవారు దాన్ని చూసి విరేచనాలని కంగారుపడతారు, అక్కరలేదు. నీళ్లలా పడడం, నురుగు, రక్తం, ఆకుపచ్చ రంగు రోజుల తరబడి ఆగకపోవడం, ఇవి పట్టించుకోవలసినవి.

ఎండ మండే రోజుల్లో కోడి ఎక్కువ నీళ్లు తాగుతుంది, రెట్ట పలచబడుతుంది. నీడ, చల్లని నీళ్లు ఏర్పాటు చేస్తే సర్దుకుంటుంది. నువ్వు పండ్ల ముక్కలు, మిగిలిన వంటకాలు ప్రేమగా పెడుతున్నావని రాశావు. నా అనుమానం ముందు అక్కడికే పోతోంది. రోజు మేతలో పదోవంతుకు మించి అలాంటివి పెట్టకు, ఉప్పు తగిలినవి అసలే వద్దు. మేత మార్చాలంటే పాతదానిలో కొత్తది కలుపుతూ వారం పది రోజుల్లో మార్చు. మేత సరిచేసినా రెట్ట పలచగానే ఉంటే కడుపులో నులిపురుగులు ఉండవచ్చు. ఊహతో మందు వేయకుండా రెట్ట నమూనాను పశువైద్యుడి దగ్గర పరీక్ష చేయించు. బాగా కొవ్వు పట్టిన పెట్ట, వయసు మళ్లిన పెట్ట ముక్కు వెనక్కి అందక ఈకలు సరిచేసుకోలేవు. వాటిని మనమే చూసుకుంటూ ఉండాలి.

ద్వారం నుంచి తెల్లగానో పసుపుగానో జిగట కారుతూ, పులిసిన కంపు కొడుతూ, కడిగిన రెండు మూడు రోజులకే మళ్లీ అంటుకుంటుంటే అది ద్వారానికి సోకిన జబ్బు. చాలాసార్లు కాండిడా అనే శిలీంధ్రం దీని వెనుక ఉంటుంది. యాంటీబయాటిక్ మందులు వాడాక కడుపులోని మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గిపోయి ఇది పుట్టుకురావడం కూడా ఉంది. కాబట్టి ఇంట్లో ఉన్న మాత్రలు పొడిచేసి పోయడం లాంటి పనులు దయచేసి చేయకు. వైద్యుడికే చూపించు.

పేలు, నల్లుల (మంచాల్లో ఉండేవి కావు, మైట్ అనే సన్నని పురుగులు) సంగతి నువ్వు అడగలేదు గానీ నేను వదలను, వాటికి కూడా ఇష్టమైన చోటు ఇదే. ద్వారం చుట్టూ వెచ్చగా, తేమగా ఉంటుంది. చీకటి పడ్డాక, పెట్టలు కర్ర మీద మత్తుగా ఉన్నప్పుడు టార్చి తీసుకుని వెళ్లు. తోక కింది ఈకలను ఒక్కసారిగా విడదీస్తే ఎండుగడ్డి రంగు పేలు వెలుతురుకు పరుగెత్తడం కనిపిస్తుంది. వాటి ఈళ్లు ఈకల మొదళ్లలో తెల్లగా గుత్తులు కట్టి ఉంటాయి. నల్లులు ఇంకా చిన్నవి. ఒంటి మీదే ఉండే రకం పడితే ఈకలకు మసి పూసినట్టు ఉంటుంది, పట్టుకున్న చేతి మీదికి కూడా పాకుతాయి. ఎర్రనల్లులు మరో రకం. పగలు గూటి చీలికల్లో, కర్ర చివర్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి, కాబట్టి పగలు పెట్టను ఎంత వెతికినా దొరకవు. తురాయి పాలిపోయి, పెట్టలు గూట్లోకి వెళ్లడానికి మొండికేస్తుంటే చీలికల్లోకి టార్చి వేసి చూడు.

మందు వాడవలసి వస్తే గుడ్లు పెట్టే కోళ్లకు అనుమతి ఉన్నదే వైద్యుడి చేత రాయించుకో. ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకో. అన్ని కోళ్లకూ ఒకే రోజు వాడాలి, గూడు కూడా శుభ్రం చేయాలి. చాలా మందులు పేల, నల్లుల గుడ్లను చంపవు కనుక, కొత్తగా పొదిగినవి పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టకముందే, వారం నుంచి పది రోజుల్లో రెండోసారి వాడవలసి ఉంటుంది. ఆ రెండోసారి బద్ధకించిన వాళ్లే మందు పనిచేయలేదని అంటారు. ఈళ్ల గుత్తులు పట్టిన ఈకలను కత్తిరించి పారేస్తే సగం భారం తగ్గుతుంది.

మందుల కన్నా ముందు దుమ్ముస్నానానికి చోటు చూపించు. వాన తగలని చోట, పెట్ట ఒళ్లంతా పట్టేంత వెడల్పు పెట్టెలో పొడి మట్టి, ఇసుక కలిపి, పూర్తిగా చల్లారిన కట్టెల బూడిద కొద్దిగా వేయి. అవి ఆ మట్టిలో దొర్లుతుంటే చూడడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మట్టి తడిస్తే మార్చు. గూట్లో కింద పరిచిన పొట్టు కూడా పొడిగా ఉండాలి. గుప్పెడు తీసి పిసికితే ముద్ద కాకూడదు, ముక్కుకు ఘాటు తగలకూడదు. గుడ్లు పెట్టే గంపల్లో నిద్రపోయే అలవాటు ఉన్న పెట్టలు రాత్రంతా తమ రెట్టలోనే కూర్చుంటాయి. కర్రను గంపల కన్నా ఎత్తులో పెట్టి, చీకటి పడగానే వాటిని ఎత్తి కర్ర మీద కూర్చోబెడుతూ ఉంటే మానుకుంటాయి. పొదుగుకు కూర్చున్న పెట్టను రోజుకు ఒకసారి లేపి తిప్పు, లేకపోతే అదీ వెనుక పాడుచేసుకుంటుంది.

ఈకల బలం మేతలోనే ఉంది. ఈకలో అధిక భాగం మాంసకృత్తే. గుడ్లు పెట్టే పెట్టల మేతలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు ఉండాలి. ఏటా ఈకలు రాల్చి కొత్తవి తొడిగే రెండు మూడు నెలలూ ఇంకాస్త ఎక్కువ ఉంటే మేలు. ఆ కాలంలో వెనుక భాగం బోసిగా కనిపిస్తే భయపడకు. కానీ కాలం కాని కాలంలో బోసిపోయి, చర్మం మీద పొడిచిన గుర్తులు ఉంటే మాత్రం తోటివాటి పని. ఇరుకు తగ్గించు, గుడ్లు పెట్టే చోటు మసక వెలుతురులో ఉంచు, గాయమైనదాన్ని మానేదాకా వేరుగా పెట్టు.

కొన్నిటికి నా జవాబు కోసం ఎదురుచూడవద్దు. పురుగులు కనిపిస్తే, ద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చి లోపలికి పోకుండా ఉంటే, గుడ్డు కోసం ముక్కుతూ తోక కిందికి వాల్చి నిటారుగా నిలబడితే, పొట్ట నీళ్లు నిండినట్టు ఉబ్బితే వెంటనే వేరుచేసి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు. పని అయ్యాక ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కో, కోళ్లకు ఏ జబ్బూ లేకపోయినా వాటి రెట్టలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టెలో మాత్రం పెట్టను కడగకు.

కడిగాక మళ్లీ ఫోటో తీసి పంపు. దాంతో పాటు ఉదయపు రెట్ట ఎలా ఉందో, రోజూ ఏమేమి పెడుతున్నావో దాచకుండా రాయి. రాత్రి టార్చి వేసి చూసినప్పుడు ఈకల మొదళ్లలో ఏమి కనిపించిందో అది కూడా రాయి.

ఇట్లు,
మీ అత్తయ్య