కబడ్డీ ఆడేవాడికి ఫిజిక్స్ రాదా?

ప్రశ్న: మాది రంపచోడవరం అవతల కొండరెడ్ల ఊరు. అమలాపురంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్‌ని. ఫిజిక్స్ పరీక్షలో మాత్రం చేయి ఆడదు. "కొండవాళ్లకు బలమంతా కాళ్లలోనే. లెక్కలు నీకెందుకు, స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం చూసుకో" అని మా లెక్చరర్ తరగతిలో అందరి ముందూ అంటారు. మావాళ్లకు నిజంగా చదువు అబ్బదా మాస్టారూ?

జవాబు: అబ్బుతుంది బాబూ. బోనస్ గీత మీదికి కాలు చాచే ముందు ఎదురు జట్టులో 6గురైనా ఉన్నారో లేదో చూసుకుంటావు కదా? 5గురే ఉంటే పాయింటు రాదు. 30 సెకన్ల రైడ్‌లో, కూత ఆపకుండా వేసే ఆ లెక్క కాళ్లు వేస్తున్నాయా? మీ లెక్చరర్‌ను ఒకసారి కోర్టులోకి దిగమనాలి.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు అగ్రవర్ణాల పిల్లలకు దాదాపు సాటిగా నిలిచారు. కులాలను అందరి ముందూ చదివి వినిపించినప్పుడు వెనకబడ్డారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. అమెరికాలో మనస్తత్వవేత్త జెఫ్ స్టోన్ బృందం, 1999లో అచ్చయిన పరిశోధనలో, గోల్ఫ్ ఆడించి చూసింది. ఇది ఆటలో తెలివికి పరీక్ష అన్నప్పుడు నల్లజాతి విద్యార్థులు, పుట్టుకతో వచ్చే ఒంటి సత్తువకు పరీక్ష అన్నప్పుడు తెల్లవాళ్లు తడబడ్డారు. ఆట ఒక్కటే, ముందు చెప్పిన మాటే వేరు.

అలాగని పోయిన మార్కులన్నీ ఆ లెక్చరర్ ఖాతాలో రాయకు. ఇలాంటి మాటల ప్రభావం తరువాతి పెద్ద పరిశోధనలు కొన్నింటిలో అంత గట్టిగా కనిపించలేదు. నేనూ ఫిజిక్స్ చెప్పినవాణ్ణే కాబట్టి అడుగుతున్నాను: పోటీలకు వెళ్లిన రోజుల్లో ఎన్ని ప్రాక్టికల్స్ పోయాయి? చిన్న పొడవులు కొలిచే వెర్నియర్ కాలిపర్స్ చేత్తో పట్టనివాడికి పరీక్ష హాల్లో చేయి ఆడకపోవడంలో వింతేముంది? రికార్డు పుస్తకం తీసుకుని, మీ ఆటల మాస్టారిని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లు. జట్టు కోసం నిన్ను పంపిన కాలేజీ ఆ ప్రయోగాలు మళ్లీ చేయించాలి. బతిమాలకు, అడుగు.

పోలీసు ఉద్యోగం వస్తే మంచిదే, చేరాలో వద్దో నీ ఇష్టం. ఈలోగా ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నావో రాసి పంపు.