జాంబీల నవల రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. జాంబీల బారి నుంచి తప్పించుకుని కోనసీమ లంకలో తలదాచుకున్న నర్సు, కోటిపల్లి రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపిన సరంగు, భార్య ఆచూకీ తెలియని బ్యాంకు ఉద్యోగి, ఈ ముగ్గురూ దాపరికం లేకుండా ఒకరినొకరు ప్రేమించుకుని ఒకే కప్పు కింద బతకాలనుకోవడం నీ కథ. ఇలాంటిది తెలుగులో ఎవరు చదువుతారని అడిగావు. వారపత్రికల సీరియళ్లు దిద్దుతూ ఉద్యోగకాలమంతా గడిపిన దాన్ని కనుక ధైర్యంగానే చెబుతున్నాను, చదువుతారు. మన పాఠకుడు ఎంత విడ్డూరాన్నైనా ఒప్పుకుంటాడు గాని లెక్క తప్పితే ఒప్పుకోడు. శవాలు లేచి నడుస్తున్నాయంటే సరేనంటాడు. ఆ లంకలో ముగ్గురు ఏడాది పొడుగునా ఏ బియ్యం వండుకున్నారో చెప్పకపోతే పుస్తకం పక్కన పడేస్తాడు.

అందుకని ముందు లంక సంగతి తేల్చుకో. చుట్టూ నీళ్లున్నాయి కాబట్టి లంక భద్రమని నువ్వు మొదటి అధ్యాయంలోనే తీర్మానించేశావు. గోదావరి ఏడాదంతా ఒకేలా ఉండదమ్మా. వేసవిలో పాయ సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడితే మోకాటి లోతు నీళ్లలో మనిషి నడిచి రాగలడు, మనిషి నడిచే చోట శవమూ నడుస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో వరద తన్నుకొస్తే పశువులు, పాములు, గడ్డివాములు కొట్టుకొచ్చినట్టే పైనున్న ఊళ్ల శవాలూ కొట్టుకొస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరినప్పుడు లంకలు ఏమయ్యాయో మీ నాన్నను అడుగు, నాకంటే బాగా చెబుతాడు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక ఇచ్చేవాళ్లే లేనప్పుడు సరంగు ఎర్రనీటి రంగును, నురగను, కొట్టుకొచ్చే చెత్తను చూసి వరద ఎంత దూరంలో ఉందో చెప్పాలి. అతన్ని ఆ ఇద్దరూ ఎందుకు ప్రేమించారో పాఠకుడికి అర్థం కావడానికి ఆ ఒక్క ఘట్టం చాలు. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లు ఎత్తి ఉండగా ఆగిపోయాయా, మూసి ఉండగా ఆగిపోయాయా అన్నదీ నిర్ణయించు. ఎత్తి ఉంటే డెల్టా కాలువలకు నీరందదు, వరి పండదు. లంకలో అరటి, కొబ్బరి, కూరగాయలు పండించుకోవచ్చు గాని బియ్యం కోసం ఏరు దాటాల్సిందే. డీజిలు అయిపోయాక పంటు కదలదు, నాటు పడవలో గెడ వేసుకుంటూ పోవాలి. పడవలో ఇద్దరు పోతే ఒకరు లంకలో ఒంటరిగా మిగులుతారు. ఎవరు ఎవరితో వెళ్లారు, ఎవరు మిగిలారు అన్న లెక్కలోంచే నీ ప్రేమకథ పుట్టాలి.

రాత్రి కాపలా సంగతి నువ్వు రెండు వాక్యాల్లో తేల్చేశావు. నీ నవల మొత్తానికి అదే ఆయువుపట్టు. ముగ్గురే ఉన్నచోట ఒకరు ఏటిగట్టు మీద కాపలా కాస్తే ఇద్దరు ఇంట్లో పడుకుంటారు. కాపలా వంతులు రాసుకున్న కాగితమే పడక వంతుల కాగితం కూడా అవుతుంది. ఈ సంగతి ముగ్గురిలో ముందుగా ఎవరికి తట్టింది, తట్టినవాళ్లు పైకి అన్నారా, లోపలే దాచుకున్నారా? దీని మీద నేనైతే ఒక అధ్యాయం రాస్తాను. ఏడో అధ్యాయంలో నువ్వు అసూయను కేకలతో, గ్లాసులు విసరడంతో చూపించావు. అదంతా తీసెయ్. తెల్లవారుజామున సరంగు గట్టు దిగి వచ్చేసరికి అరుగు మీద రెండు కంచాలు కడిగి బోర్లించి ఉంటాయి, మూడో కంచంలో అన్నం పెట్టి మూత వేసి ఉంటుంది. ఆ మూతను చూసి తనను తలుచుకున్నారని సంతోషించాలో, తనను మినహాయించి తినేశారని నొచ్చుకోవాలో అతనికి తెలియదు. ఏమీ అనకుండా బిందె తీసుకుని ఏటికి వెళ్లి, ఎర్రనీళ్లు తెచ్చి, కుండ లోపలి వైపు ఇండుపగింజ అరగదీసి, బురద అడుక్కి దిగేదాకా అక్కడే కూర్చుంటాడు. లోపలి నుంచి ఎవరు ముందు బయటికి వచ్చి అతని పక్కన కూర్చుంటారో నువ్వే తేల్చు.

ముగ్గురు కలిస్తే మూడు జంటలవుతాయి, ముగ్గురి కూడిక నాలుగోది. ఈ నాలుగింటికీ విడివిడిగా సమయం, మాటలు, అలకలు ఉండాలి. నువ్వు నర్సుకూ సరంగుకూ మధ్య రాశావు, నర్సుకూ బ్యాంకు ఉద్యోగికీ మధ్య రాశావు. మగవాళ్లిద్దరి మధ్య ఏముందో ఒక్క పేజీ అయినా లేదు. వాళ్లూ ప్రేమికులా, ఒకే మనిషిని ప్రేమించిన స్నేహితులా? ఏదైనా నాకు అభ్యంతరం లేదు. తేల్చకుండా వదిలేస్తే మాత్రం పాఠకుడు దాన్ని ఒక ఆడదాని చుట్టూ ఇద్దరు మగవాళ్ల పోటీగానే చదువుతాడు.

ద్రౌపది ప్రస్తావన ఎవరో ఒకరు తెస్తారు కనుక నువ్వే ముందు తీసుకురా. అయితే అయిదుగురు భర్తలున్నారన్న మాట దగ్గర ఆగిపోకు. ఒకే స్త్రీ కోసం కొట్టుకుని చచ్చిన సుందోపసుందుల కథ చెప్పి నారదుడు పాండవులకు హెచ్చరిక చేస్తే, వాళ్లు తమలో తాము ఒక నియమం పెట్టుకున్నారు. ఒకరు ద్రౌపదితో ఏకాంతంగా ఉన్నప్పుడు మరొకరు ఆ గదిలోకి వెళ్లకూడదు, వెళ్తే ఊరు విడిచిపోవాలి. ఆవుల్ని దొంగలు తోలుకుపోతున్నారని బ్రాహ్మణుడు మొరపెట్టుకుంటే, ఆయుధాలు ధర్మరాజూ ద్రౌపదీ ఉన్న చోటే ఉండటంతో అర్జునుడు లోపలికి వెళ్లక తప్పలేదు. ధర్మరాజు తప్పేమీ లేదని చెప్పినా వినకుండా అతను తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. నీ లంకలో ఆ ఆవుల బదులు శవాలొస్తాయి, బల్లెం గదిలో ఉంటుంది. నియమం ఎవరు పెట్టారు, ఎవరు దాటారు, దాటినవాణ్ణి క్షమించే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలన్నీ నీ ఇంటి పెరట్లోనే దొరుకుతుంటే నువ్వు విదేశీ నవలల వాసన పట్టే సంభాషణలు రాయడం నాకు విచిత్రంగా ఉంది.

హిమాచల్‌ప్రదేశ్ సిర్మౌర్ జిల్లాలో హట్టీ తెగవాళ్ల మధ్య అన్నదమ్ములు కలిసి ఒకే అమ్మాయిని పెళ్లాడే ఆచారం ఉంది, 2025లో కూడా అలాంటి పెళ్లి అందరి ఎదుటా జరిగింది. కొండ పొలం ముక్కలు కాకుండా ఉండటం దానికొక కారణమని చెబుతారు. అక్కడ ఆచారమూ, పెద్దలూ, పంచుకోవలసిన భూమీ ముందే ఉన్నాయి. నీ ముగ్గురికి అవేవీ లేవు, అన్నీ మాట్లాడుకునే తేల్చుకోవాలి. చట్టం చేతిలో కాగితంగా లేకపోయినా బుర్రలో ఉంటుందని మరచిపోకు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం భార్య బతికి ఉండగా మరో పెళ్లి చెల్లదని బ్యాంకు ఉద్యోగికి బాగా తెలుసు. అవతలి గట్టున తిరిగే శవాల గుంపులో తన భార్యదిలాంటి నీలంచీర కనిపించిన ప్రతిసారీ అతను లెక్క చూసుకుంటాడు, ఆమె బతికుందా లేదా అని.

పిల్లల సంగతి దాటవేయకు. నర్సు గర్భం రాకుండా కాపర్‌టీ 380ఎ వేయించుకుని ఉంటే అది పదేళ్లు పనిచేస్తుంది, ఆ సంగతి ఆమెకే అందరికంటే బాగా తెలుసు. తీయించుకోవాలని నిర్ణయించుకుంటే అది కథలో పెద్ద మలుపు అవుతుంది. తండ్రి ఎవరన్న ప్రశ్నకు నీలగిరుల తోడా గిరిజనులు ఒక దారి చూపారు. వాళ్లలో బహుభర్తృత్వం ఉన్న రోజుల్లో, గర్భం ఏడో నెలకు వచ్చేసరికి భర్తల్లో ఒకడు ఆమెకు విల్లంబుల ఆకారం ఇచ్చే తంతు జరిపేవాడు, పుట్టే బిడ్డకు అతనే తండ్రి. రక్తం ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. నీ లంకలో విల్లు లేకపోతే గెడ ఉంది, తెడ్డు ఉంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది నీ ముగింపు గురించి. పన్నెండో అధ్యాయంలో బ్యాంకు ఉద్యోగిని జాంబీ కరిచి చంపినట్టు, తక్కిన ఇద్దరూ మిగిలినట్టు సూచించావు. మన సినిమాల్లో ఇద్దరు నాయికలుంటే రెండో ఆమె ఆఖరి రీల్లో తుపాకి గుండుకు అడ్డం పడి నాయకుడి చేతుల్లో ప్రాణం విడుస్తుందే, అదే పని నువ్వు శవంతో చేయిస్తున్నావు. ముగ్గురూ కలిసి బతకగలరా అన్న ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా ఒకర్ని చంపేయడం తప్పించుకోవడమే. చావు వద్దని అనను, జాంబీల కథలో ఎవరో ఒకరు పోతారు. పోయేవాడు నీ ముగ్గురి లెక్కను సరిచేయడానికి పోకూడదు. అసలు జాంబీ ఎక్కడి నుంచి వచ్చాడో ఒక్కసారి ఆలోచించు. కరీబియన్ దీవుల్లోని హైతీలో, చెరకు తోటల బానిసల నేలలో, చచ్చినా విశ్రాంతి లేకుండా మంత్రగాడి మాటకు ఒళ్లు వంచి పనిచేసే శవం అతను. మనుషుల్ని తినే గుంపుగా మారింది 1968 నాటి ఒక అమెరికన్ సినిమా తర్వాతే. తన ఒంటి మీద తనకు ఏ మాటా చెల్లని మనిషి జాంబీ. నీ ముగ్గురు ప్రతి రాత్రీ ఒకరినొకరు అడిగి, కాదంటే ఆగి, మళ్లీ అడిగి బతికే మనుషులు. గట్టుకు అవతలా ఇవతలా ఉన్న ఈ తేడాను నువ్వు చూపగలిగితే జాంబీలు ఊరికే భయపెట్టే బొమ్మలు కాకుండా పోతాయి.

చిన్న విషయం ఒకటి. బ్యాంకు ఉద్యోగిని నర్సు మొదటి నుంచీ ‘నువ్వు’ అంటోంది. కోనసీమ పిల్ల అలా అనదు, ‘మీరు’, ‘ఏమండి’, ‘ఆయ్’ అంటుంది. సరంగుతో మాత్రం చిన్నప్పటి నుంచి రేవులో చూసిన చనువుతో ‘నువ్వు’ అనొచ్చు. పడక ఘట్టాల్లో నువ్వు ఖర్చుపెట్టిన విశేషణాలు సగం కొట్టేసి, ఆ ‘మీరు’ ఏ రాత్రి ‘నువ్వు’ అయిందో అక్కడ రాయి.

వరద అధ్యాయం మళ్లీ రాశాక నాకు పంపు. ఏటిగట్టు తెగే రాత్రి కాపలా ఎవరిదో నువ్వు రాసినదాంట్లో ఎక్కడా లేదు. అది తేలితే తక్కినవి దిద్దడం తేలికవుతుందనే నా ఉద్దేశం.

ఇట్లు,
మీ పెద్దత్త