పాత సూపర్నోవా అవశేషాలు రేడియోలో ఎందుకంత తేలిగ్గా చిక్కవు?

మీ ప్రశ్న రెండు ముక్కల్లో: రేడియో టెలిస్కోప్ ఎక్కువ గంటలు గురిపెడితే, పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన మసక అవశేషం బయటపడదా, బయటపడితే అది అవశేషమేనని ఎలా తేల్చుకోవాలి అని. నేను ఆర్కైవ్ డేటాతో ఇలాంటి మ్యాపులు చేస్తుంటాను. నా మటుకు మసక కన్నా సైజే ఎక్కువ ఏడిపిస్తుంది.

పేలి పదివేల ఏళ్లు దాటాక, మనకు దగ్గర్లో ఉన్నవైతే, ఆకాశంలో డిగ్రీల మేర పరుచుకుని ఉంటాయి. వృషభ రాశి వైపున్న సిమైస్ 147 దాదాపు 3 డిగ్రీలు. ఆరు పున్నమి చంద్రులు వరసగా పట్టేంత. కలిసి ఒకే టెలిస్కోప్‌లా పనిచేసే యాంటెన్నాల సమూహం ఎంత పెద్ద ఆకారాన్ని పట్టుకోగలదన్నది, అందులో అన్నిటికన్నా దగ్గరున్న జంట మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరం 100 మీటర్లు, తరంగదైర్ఘ్యం 1 మీటరు అనుకోండి, హద్దు సుమారు అర డిగ్రీ. అంతకు మించి పరుచుకున్న నునుపైన వెలుగు అసలు డేటాలోకే రాదు, రాత్రంతా చూసినా సరే. మ్యాపులో అంచుల తాలూకు వంపు ముక్కలు మాత్రం తేలతాయి. వాటి పక్కనే నల్లటి గుంట. అక్కడి పిక్సెళ్ల మీద కర్సర్ పెడితే విలువలు సున్నాకి దిగువన ఉంటాయి. గుంట ఎంత వెడల్పుగా ఉంటే అంత అనుమానిస్తాను, ఏదో పెద్దది జారిపోయిందని. జర్మనీలోని ఎఫెల్స్‌బెర్గ్ 100 మీటర్ల డిష్ లాంటి ఒంటి డిష్ సర్వేలు ఆ లోటు పూడుస్తాయి. యాంటెన్నాలు దగ్గర దగ్గరగా పేర్చిన ఎం.డబ్ల్యూ.ఏ. (ఆస్ట్రేలియాలోని రేడియో టెలిస్కోప్) 72–231 మెగాహెర్ట్జ్‌లో చేసిన గ్లీమ్ సర్వే నుంచి 2019లో 27 కొత్త అవశేషాలు ప్రకటించారంటే కారణం చాలావరకు ఇదే.

ఇక గుర్తుపట్టడం. అవశేషానిది సింక్రోట్రాన్ వెలుగు (అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరిగే వేగమైన ఎలక్ట్రాన్లది), పౌనఃపున్యం పెరిగే కొద్దీ తగ్గుతుంది (ఆ వాలును చెప్పే అంకె, అంటే సూచిక, -0.5 దగ్గర్లో). అవశేషమని పొరబడేలా చేసే వేడి హైడ్రోజన్ మేఘానిది దాదాపు సమంగా ఉంటుంది. పుస్తకంలో ఇది చక్కగానే ఉంటుంది కానీ, ఒకే సమూహంతో రెండు పౌనఃపున్యాల్లో చూస్తే పై పౌనఃపున్యంలో జారిపోయే వెలుగు ఎక్కువ. దాంతో మామూలు మేఘం కూడా నిటారుగా పడిపోయి అవశేషంలా నటిస్తుంది! అందుకే సూచిక కన్నా ముందు పరారుణ చిత్రం తెరుస్తాను. అక్కడ ధూళి జిగేలుమంటే దాదాపు ఖాయంగా మేఘమే. రేడియోలో ఉంగరం ఉండి పరారుణంలో ఖాళీగా ఉంటేనే ముందుకెళ్తాను.

అన్నట్టు, పెద్దవి ఎలా తప్పించుకుంటాయో చెప్పాలంటే, 4.4 డిగ్రీల హొయింగా అవశేషాన్ని 2021లో ఎక్స్-కిరణాల్లో పట్టుకున్నారు. తర్వాత చూస్తే పాత రేడియో సర్వేల్లోనూ ఉంది.

మీ దగ్గర రెండు బ్యాండ్ల (పౌనఃపున్య పట్టీల) డేటా ఉందన్నారు కాబట్టి, యాంటెన్నా దూరాలను తరంగదైర్ఘ్యాల్లో లెక్కగట్టి, రెండింట్లోనూ ఒకే పరిధిని మాత్రమే ఉంచి మ్యాపులు మళ్లీ చేయండి. రెజల్యూషన్ కూడా సమం చేశాకే సూచిక తీయండి.